ఫలితం ‘సానుకూలం’ అయితే సంతోషించాలా? బే ఏరియాలో ఒక హెపటైటిస్ బి అవగాహన శిబిరం: సమీక్ష

ఆసియా దేశాల నుంచి వచ్చి కాలిఫోర్నియాలో స్థిరపడినవారికి లివర్‌ను దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్ గురించి వారి వారి భాషల్లో చెప్పి, అక్కడికక్కడే ఉచితంగా రక్తపరీక్ష కూడా చేసే ఒక స్వచ్ఛంద శిబిరానికి కిందటి వేసవిలో నేను, నా భార్య, గుంటూరు జిల్లా నుంచి మమ్మల్ని చూడడానికి వచ్చిన మా అమ్మానాన్నలు కలిసి వెళ్లాం. బిర్యానీ బాగుందో లేదో నాలుగు పేరాలు రాసే మనం ఇటువంటి సేవల గురించి రాయడం తక్కువ. ఉచితంగా చేసేవారిని తప్పుపట్టడమేమిటన్న మొహమాటం అందుకు కారణం కావచ్చు. కానీ ఆ ఉచితం వెనక వాలంటీర్ల ఆదివారాలూ, దాతల డబ్బూ ఉన్నాయి గనుక, ఆ శ్రమ తెలుగువారి దాకా ఎంతవరకు చేరుతోందో చెప్పడం తప్పు కాదనుకుంటున్నాను. నడిపేది చిన్న బృందం, అందరూ జీతం లేకుండా పనిచేసేవారే కాబట్టి పేరు రాయడం లేదు.

అసలు ఆసియావారికంటూ వేరే శిబిరం ఎందుకని నాన్నగారు కారులోనే అడిగారు. అమెరికా జనాభాలో ఆసియా, పసిఫిక్ దీవుల మూలాలున్నవారు 6, 7 శాతమే అయినా, ఇక్కడ దీర్ఘకాలిక హెపటైటిస్ బి ఉన్నవారిలో సగానికి పైగా వారే. దీనికి అలవాట్లతో సంబంధం తక్కువ, పుట్టిన చోటుతో సంబంధం ఎక్కువ. కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు ఈ వైరస్ సోకితే, అది 90 శాతం మంది పిల్లల్లో జీవితాంతం ఉండిపోతుంది. అదే పెద్దయ్యాక సోకితే నూటికి 95 మందికి పైగా దాన్ని తమంతట తామే వదిలించుకుంటారు. టీకా 1981 దాకా లేదు, ఇప్పుడు వాడే రకం 1986లో గానీ రాలేదు. కాబట్టి అంతకు ముందు ఆసియాలో, ఆఫ్రికాలో పుట్టిన తరాలు ఆ అవకాశం లేకుండానే పెరిగి పెద్దవై, కొందరు తమకు తెలియకుండానే దాన్ని వెంటబెట్టుకుని విమానాలెక్కారు. మన దేశం సంగతికొస్తే, 2022లో 2 కోట్ల 98 లక్షల మంది హెపటైటిస్ బితో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. చైనా తరువాత స్థానం మనదే.

ఈ తరహా ప్రచారానికి శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఉన్న ఈ బే ఏరియాయే ఒకరకంగా పుట్టిల్లు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ శామ్యూల్ సో 1996లో ఏషియన్ లివర్ సెంటర్ స్థాపించారు. 2001లో ఆ కేంద్రమే జేడ్ రిబ్బన్ ప్రచారం మొదలుపెట్టింది. ఎయిడ్స్‌కు ఎర్ర రిబ్బన్ ఉన్నట్టే దీనికి పచ్చరాయి రంగు రిబ్బన్ అన్నమాట. చైనీయులు ఆ రాయిని ఆరోగ్యానికి మంచిదని నమ్ముతారు, పైగా ఆ రిబ్బన్‌ను ‘మనిషి’ అనే అర్థమిచ్చే చైనా అక్షరం ఆకారంలో మడిచారు. 2007లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరం హెప్ బి ఫ్రీ అనే ఉద్యమం మొదలుపెట్టినప్పుడు, తనకూ ఈ వైరస్ ఉందని బహిరంగంగా చెప్పిన ఫియోనా మా అనే శాసనసభ్యురాలు ముందు నిలబడ్డారు. అదే ఉద్యమం 2010లో ఒక ఫోటోలో కొందరు ఆసియా యువతులను వరుసగా నిలబెట్టి, వీరిలో చావాల్సింది ఎవరు అని అడిగే ప్రకటనలు వేయించి పెద్ద చర్చ లేపింది. మన ఇళ్లలో శుభమా అని పొద్దున్నే లేచి చూసే కాగితంలో ఆ మాట కనిపిస్తే, ఆ కాగితం చదవడం మాట అటుంచి ఇంట్లో ఉంచనివ్వరు. సంస్కృతికి తగ్గట్టు చెప్పడమంటే ఏమిటో నాకు ఆ ప్రకటన గుర్తొచ్చినప్పుడే బాగా అర్థమవుతుంది: ఒకరిని కదిలించిన వాక్యమే మరొకరిని తలుపు వేసుకునేలా చేస్తుంది.

నా ప్రధాన ఫిర్యాదు కూడా ఇక్కడే ఉంది. ఇన్నేళ్ల ఈ ప్రచారంలో ‘ఆసియా’ అన్న మాటకు అర్థం ఎక్కువగా చైనా, వియత్నాం, కొరియాలే. అందులో అన్యాయమేమీ లేదు. అక్కడ ఈ వైరస్ మనకంటే ఎక్కువ, వారు ముందు మేలుకున్నారు, వారి వైద్యులే ముందు పూనుకున్నారు. శాన్ హోసేలో వియత్నాం కుటుంబాలకు వారి భాషలోనే, వారి వంటింటి ఉదాహరణలతోనే చెప్పగలిగే మనుషులు తయారయ్యారు. మన వంతు వచ్చేసరికి మాత్రం వారికోసం కుట్టిన చొక్కానే మనకు తొడిగి, గుండీల దగ్గర తెలుగు అక్షరాలు అంటించారు.

ముందు మంచి చెప్పాలి. స్థలం బాగుంది, పార్కింగ్ ఉంది, కుర్చీలు సరిపడా ఉన్నాయి. బీమా ఉందా అని ఎవరూ అడగలేదు; సందర్శకుల వీసా మీద వచ్చిన తల్లిదండ్రులకు ఇది ఎంత పెద్ద విషయమో, వారి బీమా కాగితాల్లోని చిన్న అక్షరాలు చదివినవారికి తెలుసు. ఇమ్మిగ్రేషన్ పత్రాలు అసలే చూడలేదు. టీ, బిస్కెట్లు, ఒక బల్ల మీద ఇడ్లీలు కూడా పెట్టారు. పదిన్నరకు మొదలవుతుందన్నది పదిన్నరకే మొదలైంది. మన కార్యక్రమాల్లో ఇది చెప్పుకోదగ్గ సంగతే.

ఇబ్బంది గుమ్మం దగ్గరే మొదలైంది. పేరు, పుట్టిన సంవత్సరం, ఫోన్ నంబరు రాయమని ఒకే పెద్ద కాగితం బల్ల మీద పెట్టారు. అందులో మా ముందు రాసిన ఇరవై మూడు మంది పేర్లు నాకు కనిపించాయి; అందులో ఇద్దరు మా అపార్ట్‌మెంట్లవారే. కాగితం పైన పెద్ద అక్షరాలతో హెపటైటిస్ బి పరీక్ష అని రాసి ఉంది. మా వెనకే వచ్చిన ఒక దంపతులు ఆ కాగితం చూసి, కారులో ఏదో మర్చిపోయామని వెళ్లి మళ్లీ రాలేదు. నాకు ఆశ్చర్యం కలగలేదు. పెళ్లీడుకొచ్చిన పిల్లలున్న ఇంట్లో ఈ జబ్బు పేరు పక్కన తమ పేరు నలుగురి కళ్లా పడడాన్ని ఏ తెలుగు తల్లిదండ్రులూ సహించరు. ఇదే పరీక్షను షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలతో కలిపి ‘ఆరోగ్య శిబిరం’ అని పెట్టి, ఎవరి పత్రం వారికి విడిగా ఇచ్చి ఉంటే ఆ దంపతులు ఇడ్లీ తిని, రక్తం ఇచ్చి వెళ్లేవారు.

మొదటి అరగంట ఒక యువ డాక్టర్ ఇంగ్లిషులో మాట్లాడాడు. చెప్పినవన్నీ సరైనవే. ఈ వైరస్ రక్తం ద్వారా, ఇతర శరీర ద్రవాల ద్వారా సోకుతుంది, శరీరం బయట కనీసం ఏడు రోజులు బతికి ఉండగలదు, ఏళ్ల తరబడి ఏ లక్షణమూ లేకుండా లివర్‌ను తినేస్తుంది, కొందరిలో లివర్ గట్టిపడకుండానే నేరుగా కేన్సర్‌కు దారితీస్తుంది అన్నాడు. ఎవరికెవరికి ప్రమాదమో చెప్పే పట్టిక తెరమీదకు వచ్చేసరికి గదిలో మార్పు నాకు స్పష్టంగా కనిపించింది. పట్టికలో మొదటి మూడు వరుసల్లో మత్తుమందు సూదులు, ఒకరికి మించిన లైంగిక భాగస్వాములు, పచ్చబొట్లు ఉన్నాయి. ముందు వరుసలో కూర్చున్న పెద్దవారంతా కాస్త వెనక్కి వాలి, చేతులు కట్టుకుని, ఇది మన గురించి కాదన్నట్టు కూర్చున్నారు. తల్లి నుంచి బిడ్డకు సోకడం అయిదో వరుసలో ఉంది. పల్లెల్లో ఒకే సూదిని నీళ్లలో మరిగించి ఊరందరికీ పొడిచిన ఆర్‌ఎంపీ వైద్యుల సంగతి ఏ వరుసలోనూ లేదు. ఆ సూది మా నాన్నగారి ఒంట్లోకి ఎన్నిసార్లు దిగిందో లెక్కలేదు. జ్వరానికి సూది వేయని డాక్టరు డాక్టరే కాదని నమ్మిన కాలమది.

ఆ తరువాత భాషలవారీగా విడగొట్టారు. ఈ సమీక్షలో నేను మనస్ఫూర్తిగా పొగిడేది ఈ భాగాన్నే. తెలుగు బల్ల దగ్గర కృష్ణా జిల్లా మాట తీరుతో ఒక నర్సు కూర్చున్నారు. ఆవిడ తెర వాడలేదు, పట్టిక చూపించలేదు. కూర్చోగానే అడిగిన మొదటి ప్రశ్న, “మీ ఇళ్లలో ఎవరికైనా ఎప్పుడైనా కామెర్లు వచ్చాయా?” అని. పదకొండు మందిలో ఎనిమిది మంది చేతులెత్తారు. అక్కడి నుంచి గంటసేపు ఎవరూ ఫోన్ చూడలేదు.

పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందన్న సామెత మనందరికీ తెలుసు. ఆవిడ ఆ సామెతనే తిరగేసి చెప్పారు: ఈ జబ్బు ఉన్నవాడికి లోకమూ పచ్చగా కనిపించదు, లోకానికి వాడూ పచ్చగా కనిపించడు. చిన్నతనంలో సోకినవారిలో కళ్లు పచ్చబడడం చాలా అరుదు. కళ్లు, మూత్రం పచ్చబడితేనే లివర్ జబ్బు అనుకునే మన లెక్క ఇక్కడ పనికిరాదు; పచ్చబడేనాటికి చాలామందిలో ఆలస్యమైపోతుంది. ఒక జబ్బు గురించి జనం మనసులో అప్పటికే ఉన్న బొమ్మను పట్టుకుని, ఆ బొమ్మలో ఏది తప్పో చూపించడమే సరైన పద్ధతి అనిపించింది. ఇంగ్లిషు ఉపన్యాసం ఆ బొమ్మ ఉన్నట్టే గుర్తించలేదు.

పసరు ప్రస్తావన మా అమ్మే తెచ్చింది. మా ఊళ్లో కామెర్లకు నేల ఉసిరి నూరి మజ్జిగలో ఇచ్చేవారనీ, నూనె, ఉప్పు లేని పథ్యం చేయించేవారనీ, కొన్నిచోట్ల చేతి మీద కాల్చేవారనీ, అందరికీ తగ్గేదనీ చెప్పింది. నర్సు నవ్వలేదు, కొట్టిపారేయలేదు. కలుషితమైన నీటితో, తిండితో వచ్చే హెపటైటిస్ ఎ, ఇ రకాలు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి, పసరు పోసినా తగ్గుతాయి, పోయకపోయినా తగ్గుతాయి, అందుకే పసరుకు ఆ పేరు వచ్చిందన్నారు. నేల ఉసిరి మీద నిజంగానే పరిశోధన జరిగింది. 1988లో మద్రాసు పరిశోధకులు ప్రచురించిన ఫలితాలు ఆశ కలిగించాయి. ఈ వైరస్‌ను కనుగొని 1976లో నోబెల్ అందుకున్న బరూక్ బ్లంబర్గ్ కూడా అందులో భాగస్వామి. తరువాత ఇతరులు చేసిన ప్రయోగాల్లో ఆ ఫలితం నిలవలేదు. “మీ అమ్మమ్మగారు తెలివితక్కువ పని చేయలేదు పిన్నిగారూ, వేరే జబ్బుకు చేశారు” అన్న ఆ నర్సు వాక్యం మా అమ్మకు ఎంత నచ్చిందంటే, ఇంటికి వచ్చాక గుంటూరుకు ఫోన్ చేసి మా పిన్నికి అదే మాట రెండుసార్లు చెప్పింది.

ఇక అసలైన ప్రశ్న, అందరి నోటి చివర ఉన్నదే, ఒక పెద్దావిడ బయటపెట్టారు: ఎంగిలి తింటే వస్తుందా? మనవడికి గోరుముద్దలు పెడుతూ మిగిలింది తను తినడం, ఒకే గ్లాసులో కాఫీ పంచుకోవడం, ఒకరు కొరికిన జామకాయ ఇంకొకరు కొరకడం, వీటన్నిటి మీదా ఆవిడకు భయం ఉంది. నిజానికి ఈ ఒక్క ప్రశ్నకు సరైన సమాధానం మన జనంలోకి వెళితే, ఈ జబ్బు ఉన్నవారికి విడి కంచం, విడి గ్లాసు పెట్టే ఇళ్లలో ఎంతో బాధ తప్పుతుంది. నర్సు చెప్పిన మాట యథాతథంగా ఇస్తున్నాను: “ఇది ఎంగిలితో వచ్చే జబ్బు కాదు పిన్నిగారూ, నెత్తుటితో వచ్చే జబ్బు. కంచం కలిపి తినండి, బ్లేడు మాత్రం కలపకండి.” ఆ పైన గోళ్లు తీసే కత్తెర, టూత్ బ్రష్, చెవులు కుట్టే సూది, సెలూన్లో మార్చని బ్లేడు, తలనీలాలు ఇచ్చేటప్పుడు కొత్త బ్లేడు వేయమని అడగడం, ఇలా ఒక్కొక్కటీ చెప్పుకుంటూ వెళ్లారు. భార్యాభర్తల విషయం కూడా దాటవేయలేదు; ఒకరికి ఉంటే రెండోవారు పరీక్ష చేయించుకుని టీకా వేయించుకోవాలని, ఏ వయసువారైనా తల వంచుకోనక్కరలేని మాటల్లో చెప్పారు. డాక్టరు రెండో వరుసలో చెప్పి గదిని పోగొట్టుకున్న విషయాన్నే ఆవిడ చివర్లో చెప్పి నిలబెట్టుకున్నారు.

ఇప్పుడు కరపత్రం దగ్గరికి వద్దాం. పన్నెండు పేజీల ఆ పుస్తకం ముఖచిత్రం మీద గుండ్రటి బల్ల చుట్టూ మూడు తరాల కుటుంబం, మధ్యలో నిండు చేప, చేతుల్లో చాప్‌స్టిక్‌లు, పైన ఎర్ర లాంతర్లు. ఆ బొమ్మ కింద తెలుగు శీర్షిక. మూడో పేజీలో, ఒకే గిన్నెలోంచి చాప్‌స్టిక్‌లతో ఆహారం పంచుకున్నంత మాత్రాన హెపటైటిస్ బి వ్యాపించదని తెలుగులో రాసి ఉంది. చైనీయుల పుస్తకంలో ఆ వాక్యం ఎంత ఆలోచించి రాసిందో గమనించండి. మన ఎంగిలి భయానికి సరిగ్గా సరిపోయే భయమే అది, అక్కడి వంటింటి రూపంలో. అనువాదకుడు దాన్ని అర్థం చేసుకుని ‘ఎంగిలి’ అని ఒక్క మాట రాసి ఉంటే సరిపోయేది. ఆ మాట పన్నెండు పేజీల్లో ఎక్కడా లేదు.

భాష సంగతి చెప్పాలంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. టీకా మూడు మోతాదులూ పూర్తి చేయమనడానికి ‘మూడు షాట్ల శ్రేణిని పూర్తి చేయండి’ అని ఉంది. క్రికెట్ చూసే మా నాన్నగారు దాన్ని రెండుసార్లు చదివారు. వైరస్ ఉన్నవారిని ‘వాహకులు’ అన్నారు. అది సైన్సు పుస్తకంలో రాగి తీగకు వాడే మాటలా ఉంటుంది. వీటిని భరించవచ్చు. భరించరానిది తొమ్మిదో పేజీలో ఉంది: ‘మీ పరీక్ష ఫలితం సానుకూలంగా వచ్చినట్లయితే, ఆందోళన చెందకుండా వైద్యుడిని సంప్రదించండి.’ నలభై ఏళ్లు తెలుగు మేష్టారుగా పనిచేసిన నాన్నగారు కళ్లజోడు సవరించుకుని, “సానుకూలంగా వస్తే మంచిదేగా, మళ్లీ డాక్టరు దగ్గరకెందుకు పొమ్మంటున్నాడు?” అన్నారు. నిఘంటువు ప్రకారం అనువాదంలో తప్పు లేదు. కానీ మన ఊళ్లో పొలం పనులకు వెళ్లే మనిషి కూడా ‘పాజిటివ్ వచ్చింది’ అంటేనే అర్థం చేసుకుంటాడు. కరోనా కాలం తరువాత ఆ మాట తెలియని ఇల్లు లేదు. ఆరోగ్యానికి సంబంధించిన కాగితంలో ఒక చెడ్డ వార్త శుభవార్తలా చదువుకునే వీలుంటే దాన్ని భాషాదోషం అని వదిలేయలేం.

రక్తం తీయడం చక్కగా జరిగింది. సూది పడుతుంటే తల తిప్పుకునే నాకు కూడా నొప్పి తెలియలేదు. వారు ఒక్క పరీక్ష కాక మూడు పరీక్షలు చేశారు: వైరస్ పైపొర యాంటిజెన్ (ఇది కనిపిస్తే వైరస్ ఒంట్లో ఉన్నట్టే), దానికి ఎదురుగా మన ఒంట్లో పుట్టే యాంటీబాడీ, వైరస్ లోపలి భాగానికి పుట్టే కోర్ యాంటీబాడీ (ఇది టీకాతో రాదు, వైరస్ సోకితేనే పుడుతుంది). 18 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరూ జీవితంలో కనీసం ఒకసారి ఈ మూడూ చేయించుకోవాలని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2023లో సూచించింది. మన దగ్గర చాలా ల్యాబుల్లో ఆపరేషన్‌కు ముందు మొదటిదొక్కటే చేస్తారు. అది నెగెటివ్ వస్తే జబ్బు లేదని తెలుస్తుంది గానీ, టీకా అవసరమా, ఇదివరకే వచ్చిపోయిందా అన్నవి తెలియవు. ఆ తేడా మా ఇంట్లోనే బయటపడింది.

రెండు వారాల తరువాత ఫోన్లు వచ్చాయి, ఉత్తరాలు కూడా వచ్చాయి. నాకు మూడూ నెగెటివ్, అంటే జబ్బూ లేదు, రక్షణా లేదు. అమ్మదీ అంతే. నా భార్యకు హైదరాబాదులో కాలేజీ రోజుల్లో క్యాంపులో వేసిన మూడు ఇంజెక్షన్ల రక్షణ ఇంకా ఉంది. నాన్నగారికి మాత్రం రెండు యాంటీబాడీలూ ఉన్నాయి, యాంటిజెన్ లేదు. ఫోన్ చేసిన అబ్బాయి ఇంగ్లిషులో, మీకు సహజమైన ఇన్‌ఫెక్షన్ వల్ల రోగనిరోధక శక్తి వచ్చింది అని వేగంగా చెప్పి పెట్టేశాడు. నాన్నగారు అందులో ‘ఇన్‌ఫెక్షన్’ ఒక్కటే విన్నారు. ఆ రాత్రి ఆయన మనవరాలిని పక్కలో పడుకోబెట్టుకోలేదు. మర్నాడు నేను శిబిరం వారికి ఫోన్ చేస్తే, సాయంత్రానికి ఆ నర్సే తీరిక చేసుకుని మాట్లాడారు. “బాబాయిగారూ, అది ఎప్పుడో వచ్చింది, మీ ఒళ్లే దాన్ని ఓడించింది, మీ నుంచి ఎవరికీ రాదు, పాపను నిశ్చింతగా ఎత్తుకోండి” అన్నారు. అంతటితో ఆగకుండా ఉత్తరంలో లేని ఒక ముఖ్యమైన సంగతి కూడా చెప్పారు. ఓడిపోయిన వైరస్ ఆనవాళ్లు లివర్‌లో నిద్రపోతూ ఉంటాయట. రేపు ఏ కారణం చేతనైనా కీమోథెరపీయో, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులో వాడాల్సివస్తే అది మళ్లీ లేచే అవకాశం ఉంది కనుక, ఈ రిపోర్టు అప్పటి డాక్టరుకు తప్పకుండా చూపించాలి. ఇంత అవసరమైన విషయం ఉత్తరంలో ఉండకపోవడం లోపం. ఫలితాలు చెప్పే ఫోన్ రోగి భాషలో ఉండకపోవడం అంతకంటే పెద్ద లోపం. శిబిరంలో గంటసేపు తెలుగులో చెప్పి, అసలు ఘడియ వచ్చేసరికి ఇంగ్లిషుకు మారడంలో అర్థం లేదు.

ఇంకో సంగతి రాయకుండా ఉండలేను. మా బల్ల దగ్గర నిజామాబాద్ వైపు పెద్దాయన ఒకరు చివరి దాకా మాట్లాడలేదు. లేచేముందు నర్సుతో మెల్లగా, “మా తమ్ముని కొడుకు సౌదీ మెడికల్ల ఇదే వచ్చి అన్‌ఫిట్ అయిండమ్మా. ఇక్కడ గూడ తెలిస్తె నా కొడుకు వీసాకు ఏమన్న అయితదా?” అన్నారు. గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లేముందు చేసే పరీక్షలో ఇది బయటపడితే ప్రయాణం ఆగిపోవడం మన తెలంగాణ జిల్లాల్లోనూ, గోదావరి, కడప ప్రాంతాల్లోనూ ఎన్నో కుటుంబాలకు అనుభవమే. అమెరికాలో అలా లేదు. హెపటైటిస్ బి ఉందన్న ఒక్క కారణంతో వీసా గానీ గ్రీన్‌కార్డు గానీ నిరాకరించరు. పాజిటివ్ వస్తే ప్రజారోగ్య శాఖకు తెలియజేస్తారు తప్ప ఇమ్మిగ్రేషన్ వారికి కాదు. ఉద్యోగం, చదువుల్లో కూడా చట్టం అండగా ఉంది. న్యూజెర్సీలోని ఒక వైద్య విద్యాసంస్థ ఈ వైరస్ ఉందని విద్యార్థులకు చేరిక నిరాకరిస్తే, 2013లో ఆ దేశ న్యాయశాఖ జోక్యం చేసుకుని దానిని వైకల్య చట్టం కింద వివక్షగా పరిగణించి పరిష్కారం చేయించింది. పెద్దాయన ప్రశ్నకు సమాధానం కరపత్రంలో మొదటి పేజీలో ఉండాల్సింది. చైనీయుల పుస్తకానికి ఆ ప్రశ్న తట్టదు, ఎందుకంటే అది మన వలసల కథలోంచి పుట్టిన ప్రశ్న.

టీకా, చికిత్స భాగంలో చెప్పింది క్లుప్తమే అయినా స్పష్టంగా ఉంది. పాజిటివ్ వచ్చినవారందరికీ మందులు అక్కర్లేదు. అవసరమైనవారికి టెనోఫోవిర్, ఎంటెకావిర్ వంటి మాత్ర రోజుకొకటి, ఆపకుండా వేసుకోవాలి, అది వైరస్‌ను అణచి ఉంచుతుంది గానీ పూర్తిగా తీసేయదు. చాలామందికి ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ అవసరమవుతుంది. మన దేశంలో 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రుల్లో పరీక్ష, మందులు ఉచితంగా దొరుకుతాయని కూడా చెప్పి ఉంటే, తిరిగి ఊరికి వెళ్లే తల్లిదండ్రులకు ఉపయోగపడేది. కాన్పు జరిగిన 24 గంటల్లో బిడ్డకు వేయాల్సిన మొదటి డోసు గురించి మాత్రం గట్టిగా చెప్పారు. తల్లికి పాజిటివ్ ఉంటే దానితోపాటు 12 గంటల్లోపు, తయారుగా ఉన్న యాంటీబాడీలను ఒంట్లోకి ఎక్కించే ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ కూడా పడాలి.

ఇక్కడ ఒక చిన్న అసంతృప్తి, ఇది పూర్తిగా నా తెలుగు మనసుది. టీకా కథ చెప్పే తెరమీద ఫిలడెల్ఫియా ఉంది, తైవాన్ ఉంది, హైదరాబాద్ లేదు. వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో శాన్‌వ్యాక్-బి తెచ్చేదాకా, దిగుమతి టీకా ధర మన మధ్యతరగతికి కూడా అందేది కాదు. యాభై రూపాయల డోసు వచ్చాక గానీ మన కాలేజీల్లో క్యాంపులు సాధ్యం కాలేదు. నా భార్య ఒంట్లో ఈనాటికీ ఉన్న రక్షణ అలా వచ్చిందే. టీకా అంటే అనుమానపడే తెలుగు పెద్దాయనకు జేడ్ రాయి చూపించే బదులు, ఇది మన హైదరాబాదులో తయారైందయ్యా అంటే చాలు, చొక్కా చేయి మడుస్తాడు. పచ్చరాయి రిబ్బన్‌కు బదులు మనకు పసుపు రిబ్బన్ పెడితే ఎలా ఉంటుందని నా భార్య అంది గానీ, గడపకు శుభమైన రంగే కంటికి అశుభం కనుక అది కుదరదని మా అమ్మ తీర్పు ఇచ్చింది.

అయిదుకు ఎంత ఇస్తానంటే, మొత్తానికి మూడున్నర. నర్సు మాట్లాడిన ఆ గంటకు విడిగా అయిదు, కరపత్రానికి ఒకటి, నమోదు బల్లకు ఒకటి. సాక్రమెంటోలో, లావోస్ ప్రాంతం నుంచి వలస వచ్చిన హ్మాంగ్ తెగ కుటుంబాల మధ్య జరిగిన ఒక అధ్యయనంలో, తమలోంచే వచ్చిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటికెళ్లి కూర్చుని చెప్పినప్పుడు పరీక్ష చేయించుకున్నవారి సంఖ్య పెరిగింది. అయినా ఎక్కువమంది చేయించుకోలేదు. మంచి మనిషి చెబితేనే అంత కష్టమైన పనిని, అనువాద యంత్రం నుంచి దిగిన పన్నెండు పేజీలు చేస్తాయని ఆశించడం అత్యాశ. డబ్బు ఉంటే ముందు నర్సుల మీద, తరువాత కాగితం మీద పెట్టమని నిర్వాహకులకు రాశాను.

వారు రెండు రోజుల్లో జవాబిచ్చారు, అదీ మర్యాదగా. తెలుగు ప్రతిని సరిచేసి ఇవ్వగలరా అని అడిగారు. నాన్నగారూ, నర్సూ, నేనూ కలిసి మూడు సాయంత్రాలు కూర్చున్నాం. ‘సానుకూలం’ తీసేసి ‘పాజిటివ్ వస్తే, అంటే వైరస్ ఉందని తేలితే’ అని రాశాం. ‘షాట్ల శ్రేణి’ మూడు డోసుల టీకా అయింది. ఎంగిలి మీద ఒక పేరా, సూదిమందు మీద ఒక పేరా, వీసా మీద రెండు వాక్యాలు చేర్చాం. ‘వాహకులు’ మీద మాత్రం నాన్నగారికీ నర్సుకీ చాలాసేపు వాదన జరిగి, చివరికి ‘వైరస్ ఉన్నవారు’ దగ్గర ఆగారు. నమోదుకు ఇప్పుడు ఎవరి చీటీ వారికే ఇస్తున్నారు. ముఖచిత్రం మార్చడానికి ఈ ఏడాది నిధులు లేవట, కాబట్టి చేప, చాప్‌స్టిక్‌లు అలాగే ఉన్నాయి.

నేను మందుల షాపులో నెల తేడాతో రెండు డోసులు పడే హెప్లిసావ్-బి వేయించుకున్నాను. ఇది 2017లో అనుమతి పొందిన టీకా. పాత రకాల్లో ఆరు నెలల్లో మూడు డోసులు వేయించుకోవాలి కాబట్టి మతిమరుపు ఉన్నవారికి ఇదే నయం. శిబిరానికి వెళ్లదలచినవారికి రెండు మాటలు: పరగడుపున వెళ్లనక్కరలేదు, తిని వెళ్లవచ్చు, చేతులు సులువుగా పైకి మడిచే చొక్కా వేసుకోండి. తెలుగు బల్ల కావాలని ముందురోజే ఫోన్ చేసి చెప్పండి, అడిగినవారి సంఖ్యను బట్టే ఆ నర్సును పిలుస్తారు.